పాత లాప్‌టాప్, కొత్త వైఫై, ఆళ్లగడ్డ ఓబులేసు

నంద్యాలలో ముప్పై ఏళ్లకు పైగా రిపేరు బల్ల ముందు కూర్చున్నాను. మొదట రేడియోలు, తర్వాత టీవీలు, ఆ తర్వాత కంప్యూటర్లు. చివరి పది పన్నెండేళ్లు ఎక్కువగా ఒకటే పని చేశాను: పాత లాప్‌టాప్‌లకు కొత్త వైఫై, కొత్త బ్లూటూత్ అందేలా చెయ్యడం. పోయిన ఏడు అంగడి మూసేశాను. చూపు ఆనడం లేదు. చేతులు మాత్రం ఇంకా బాగానే ఉన్నాయి.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, "సార్, మీ అనుభవం రెండు ముక్కలు చెప్పండి" అంటారు. ఏ కార్డు ఏ మిషన్‌కు పడుతుందో ఇప్పుడు ఫోన్లో వెతికితే దొరుకుతుంది. దానికి నేనెందుకు? ఫోన్లో దొరకని సంగతి ఒకటి చెబుతాను. ఈ పనిలో నన్ను అన్నిటికంటే ఎక్కువ చెడగొట్టింది అసూయ. దాని వల్ల ఒక అమ్మాయి ఉద్యోగం పోగొట్టబోయాను. అందరూ తమ గెలుపులు రాసుకుంటారు, నేను ఇది రాస్తున్నాను.

నేను అసూయపడిన మనిషి పేరు ఓబులేసు. ఆళ్లగడ్డలో అతని అంగడి ఇప్పటికీ నడుస్తోంది. చూశారా, ఈ ముక్క రాయడానికి కూడా నాకు కష్టంగా ఉంది.

మద్దిలేటి సార్ అన్న మాట

టీవీల పని తగ్గిపోయాక నేను నంద్యాలలోనే ఒక కంప్యూటర్ సర్వీస్ సెంటర్లో చేరాను. అదే నెలలో ఓబులేసూ చేరాడు. నాకంటే నాలుగేళ్లు చిన్నవాడు. ఆళ్లగడ్డ పక్క పల్లెలో సేద్యం చేసే ఇంటి మనిషి. అంతకుముందు బోరు మోటార్లు చుట్టేవాడట. నాకు ఐటీఐ సర్టిఫికెట్ ఉంది, అతనికి లేదు. మోటార్లు చుట్టిన చేతులతో లాప్‌టాప్ ఏం విప్పుతాడులే అని నేను లోలోపల నవ్వుకున్నాను.

మా ఇద్దరికీ పైన మద్దిలేటి సార్ ఉండేవారు. తక్కువ మాట్లాడే మనిషి. ఒకరోజు ఒక బట్టల అంగడి ఆసామి లాప్‌టాప్ తెచ్చాడు. బంధువెవరో విదేశం నుంచి తెచ్చి ఇచ్చిన మిషన్ అది. "కొత్త నెట్ పెట్టించినామప్పా, దీంట్లో ఆ పేరే కనపడదు, ఫోన్లో మాత్రం కనపడతాంది" అన్నాడు. నేను వెంటనే స్క్రూడ్రైవర్ తీశాను. లోపలి వైఫై కార్డు తీసి ఇంకొకటి వేశాను. మా సెంటర్లో నెట్ బ్రహ్మాండంగా వచ్చింది. ఆసామి సంతోషంగా పోయాడు. మర్నాడు ముఖం మాడ్చుకుని మళ్లీ వచ్చాడు. ఇంట్లో పాత కథే.

నేను రెండో కార్డు వెతుకుతుంటే ఓబులేసు అడిగాడు: "శెట్టీ, ఇది ఇంగ యాడన్నా పట్టిందా, అసలు యాడా పట్టల్యా?"

"మా బామ్మర్దింట్లో బాగనే పట్టిందప్పా. మా ఇంట్లోనే రాదు."

"అట్లయితే దీనికేం రోగం లేదు. మీ ఇంట్లో డబ్బాను చూడాల."

స్కూటరెక్కి పోయాడు, పావుగంటలో వచ్చాడు. వైఫై డబ్బాలు ఒక్కొక్కటి ఒక్కో నంబరు మీద మాట్లాడతాయి. ఆ ఇంటి డబ్బా పదమూడో నంబరు పట్టుకుని కూర్చుంది. ఆ విదేశీ లాప్‌టాప్ పదకొండో నంబరు దాకానే చూస్తుంది. ఓబులేసు డబ్బాలో నంబరు ఆరుకు మార్చి వచ్చాడు. స్క్రూ ఒక్కటీ తియ్యలేదు.

మద్దిలేటి సార్ అందరి ముందూ నా వైపు చూసి అన్నారు: "సుబ్బయ్యా, నీ చేతులు బంగారమప్పా, కాదన్ను. అయితే ఓబులేసు అడగతాడు. నువ్వు అడగవు."

అంతే అన్నారు. తిట్టలేదు కూడా. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. ఆయన చెప్పింది నిజమని నాకు అప్పుడే తెలుసు. అడగడం నేర్చుకోవాలి కదా? నేర్చుకోలేదు. అడిగితే ఓబులేసును చూసి నేర్చుకున్నాడంటారని, ఏళ్ల తరబడి కావాలనే అడగడం మానేశాను. ఇంత మూర్ఖత్వం ఉంటుందా అని మీరు అనుకోవచ్చు. ఉంటుంది.

విప్పే ముందు తెలియాల్సినవి

పని గురించి కూడా కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాతి కథ అర్థం కాదు.

లాప్‌టాప్ అడుగు మూత విప్పితే వైఫై కార్డు కనబడుతుంది. అగ్గిపెట్టెలో సగం ఉంటుంది. దాని మీద సన్నటి వైర్లు రెండు, ఒకటి నలుపు, ఒకటి తెలుపు. అవి కీలు గుండా పైకి పోయి, తెర వెనక మూత పై అంచులో ఆగుతాయి. యాంటెన్నాలు ఉండేది అక్కడ. కార్డు మారిస్తే పాత మిషన్‌కు కొత్త వేగం, కొత్త బ్లూటూత్ వస్తాయి. వినడానికి ఇంతే.

చెయ్యబోతే తెలుస్తుంది. కొన్ని కొత్త కార్డులు పాత గాడిలో చక్కగా కూర్చుంటాయి, పని మాత్రం చెయ్యవు. వాటికి కావలసిన సగం సరంజామా కొత్త ప్రాసెసర్లలోనే ఉంటుంది. కొన్నింటిలో వైఫై వస్తుంది, బ్లూటూత్ రాదు, ఎందుకంటే ఆ గాడికి బ్లూటూత్ లైను అసలు లాగి ఉండదు. ఇంకొన్ని మిషన్లు తయారీవాళ్లు ఒప్పుకున్న కార్డు తప్ప వేరేది పెడితే లేవనే లేవవు. నల్ల తెర మీద ఒక వాక్యం చూపించి ఆగిపోతాయి. పాత కార్డు తియ్యకముందే కొత్తదాని డ్రైవర్ దించి పెట్టుకోకపోతే, నెట్ లేని మిషన్‌లో నెట్ కోసం నెట్ వెతుక్కుంటూ కూర్చోవాలి. ఇవన్నీ నేను కస్టమర్ల మిషన్ల మీదే నేర్చుకున్నాను, వాళ్లకు తెలియకుండా.

ఒక మాట ఉన్నదున్నట్లు చెబుతాను. చాలా పాత లాప్‌టాప్‌లకు లోపల ఏమీ మార్చక్కర్లేదు. పక్కన గుచ్చే గోరంత డాంగిల్ చాలు. అది చెబితే చేతిలో పని పోతుందని మేము చాలామందిమి చెప్పేవాళ్లం కాదు. ఓబులేసు మొదటి రోజు నుంచే చెప్పేవాడు. "దీన్ని గుచ్చుకోప్పా, చాలు, ఇంగ విప్పేదెందుకు" అనేవాడు. అందుకు జనం అతన్ని మెచ్చుకుంటుంటే నాకు ఒళ్లు మండేది.

ఆళ్లగడ్డ బస్సు

సర్వీస్ సెంటర్ మూతపడ్డాక నేను నంద్యాలలో అంగడి పెట్టుకున్నాను. ఓబులేసు ఆళ్లగడ్డ పోయాడు. పోనీలే, పీడ విరగడైంది అనుకున్నాను. నంద్యాల పెద్ద ఊరు. సందుకో బ్యాంకు కోచింగ్ సెంటరు, వందల మంది పిల్లలు, అందరి చేతుల్లోనూ బెంగుళూరు నుంచి వచ్చిన పాత ఆఫీసు లాప్‌టాప్‌లు. నాకు పనికి కొదవలేదు.

అయినా కొన్నాళ్లకు ఒక సంగతి తెలిసింది. నంద్యాల జనం లాప్‌టాప్ సంచీలో పెట్టుకుని, బస్సెక్కి, శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డ పోతున్నారు. పెద్ద ఊరి మిషన్ చిన్న ఊరికి రిపేరుకు పోవడమా! ఆ బస్సు నా అంగడి ముందు నుంచే పోయేది. కిటికీ పక్కన ఎవరైనా ఒళ్లో నల్ల సంచీ పెట్టుకుని కనబడితే చాలు, చేతిలో పని ఆగిపోయేది.

ఓబులేసు బాగుచేసిన మిషన్ ఏదైనా వేరే పని మీద నా దగ్గరికి వస్తే మొదట అడుగు మూత విప్పి చూసేవాణ్ని. స్క్రూ అరిగిందా, వైరు నలిగిందా, ఏదైనా మరిచిపోయాడా అని. ఒక్క స్క్రూ అయినా తప్పుగా బిగించి ఉంటాడని ఎంత ఆశో! ఎప్పుడూ సరిగ్గానే ఉండేది. పని మంచిగా ఉన్నందుకు బాధపడిన మెకానిక్‌ను నేను ఒక్కణ్నేనేమో.

రాజేశ్వరి మిషన్

రాజేశ్వరిది బండి ఆత్మకూరు. అత్తగారిది సేద్యం ఇల్లు. ఇంట్లోనే కూర్చుని బెంగుళూరు కంపెనీ ఒకదానికి ఫోన్ కాల్స్ మాట్లాడే ఉద్యోగం తెచ్చుకుంది. మూడు నెలలు చూసి తర్వాత ఖాయం చేస్తామన్నారు. ఆమె లాప్‌టాప్ ఎనిమిదేళ్ల పాతది. కంపెనీవాళ్లు పంపిన బ్లూటూత్ హెడ్‌సెట్ దానికి తగలడం లేదు. అది లేకుండా మాట్లాడినా మాట మధ్యలో తెగిపోతోంది.

"అన్నా, ఇంగ పద్దినాలే ఉండాయి. కాల్ తెగిందంటే అవతలోళ్లు నన్నే తిడతారు. తీసేస్తారేమోనని భయమైతాంది" అంది. ఆ ఇంట్లో చదువుకుని ఉద్యోగం చేస్తున్న మొదటి కోడలు ఆమె. ఈ ఉద్యోగం పోతే మళ్లీ ఇంకోటి వెతుక్కోనిస్తారన్న నమ్మకం లేదని కూడా చెప్పింది.

నేను ఆ మిషన్ ఒప్పుకునే కార్డే వెతికి వేశాను. హెడ్‌సెట్ తగిలింది. నా బల్ల దగ్గర వేగం అదిరిపోయింది. ఇంటికి పోయాక మళ్లీ తెగడం మొదలైంది. రెండోసారి ఇంకో కార్డు వేశాను. మూడోసారి వచ్చినప్పుడు ఊరికే విప్పి చూసి, "మీ ఊర్లోనే నెట్ బాగలేదమ్మా" అని పంపేశాను. ఇంట్లో డబ్బా ఎక్కడుంది, నువ్వెక్కడ కూర్చుంటావు అని అడగనే లేదు.

ఆమె పుట్టిల్లు ఆళ్లగడ్డ. ఇంకెక్కడికి పోతుంది?

రెండు రోజుల తర్వాత, ఆళ్లగడ్డ నుంచి ఊరికి పోతూ నంద్యాలలో బస్సు దిగి నా అంగడికి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. "అన్నా, బాగైపోయింది! ఇంగ ఎవురన్నా ఇట్లనే వస్తే మీకు పనికొస్తాదని చెప్పిపోదామని వచ్చినా" అంది. సంగతేమిటంటే, ఆమె ఉద్యోగం నిలబడాలని అత్తగారు అహోబిలంలో నరసింహస్వామి రాగిరేకు కొని తెచ్చింది. అరచెయ్యంత రేకు. దాన్ని లాప్‌టాప్ మూత మీద, సరిగ్గా పై అంచున, రెండువైపుల అంటుకునే టేపుతో అతికించింది. యాంటెన్నాల నెత్తిన రాగి కప్పు వేసినట్టు. డబ్బా పక్కనే ఉంటే తేడా తెలియదు. ఆమె కూర్చునే వెనక గదిలో అయితే సిగ్నల్ చచ్చిపోతుంది.

ఓబులేసు చూడగానే, "ఇది ఎప్పుడు తగిలించినావమ్మా? మాట తెగేది అప్పట్నించేనా?" అని అడిగాడట. దండం పెట్టుకుని, టేపు మెల్లగా ఊడదీసి, "సామిని గోడకు పెట్టుకో తల్లీ, ఆడ్నుంచి గూడా సూస్తాడు" అన్నాడట.

ఆ రేకు నాకు కనబడలేదా? మూడుసార్లు కనబడింది. మూడుసార్లూ ముట్టుకుని కళ్లకద్దుకున్న తర్వాతే మిషన్ తిరగేసి స్క్రూలు తీశాను.

నేను చేసిన పని

ఆమెకు మంచి మాట చెప్పి పంపేస్తే అయిపోయేది. నాకు కడుపు మండిపోయింది.

"రేకు తీస్తే ఇంత తేడా రాదమ్మా. లోపల ఏమన్నా మార్చినాడేమో, ఒకసారి చూస్తా" అన్నాను. విప్పాను. నేను బిగించిన ప్రతి స్క్రూ మీదా చిన్న ఎర్ర రంగు చుక్క పెడతాను. చుక్కలన్నీ అలాగే ఉన్నాయి. మళ్లీ అదే, ఒక్క స్క్రూ కూడా తియ్యకుండా బాగుచేశాడు. నాకు తల కొట్టేసినట్లయింది.

"ఇంకా కొత్త కార్డొకటి వచ్చిందమ్మా. ఇది ఏస్తే ఇంగ తిరుగుండదు" అన్నాను.

"ఇప్పుడు బాగనే ఉండాది కదన్నా. వద్దులే."

"పది నిమిషాలు. నాకేమీ ఇయ్యొద్దు."

పెద్దవాణ్ని, కాదనలేకపోయింది. బజారులో పని చూసుకొస్తానని పోయింది. ఆ కార్డు ఆ మిషన్ ఒప్పుకునే జాబితాలో ఉందో లేదో నేను చూడలేదు. రేపటి నుంచి 'సుబ్బన్న వేసిన కార్డే' అని ఆమె చెప్పుకోవాలి, నాకు కావలసింది అంతే. కార్డు వేసి మీట నొక్కాను. నల్ల తెర, ఒక వాక్యం, అక్కడే ఆగింది.

సరే, ముందున్న కార్డే మళ్లీ వేద్దామని వైర్లు లాగాను. వైరు కొసన ఆవగింజంత గుండీ ఉంటుంది. అది మాటిమాటికీ తీసి పెట్టడానికి చేసింది కాదు. అదే మిషన్‌లో నేను దాన్ని లాగడం అప్పటికి నాలుగోసారి. నల్ల వైరు గుండీ ఊడి నా గోటి మీద పడింది.

ముందున్న కార్డుకు మిగిలిన ఒక్క వైరే తగిలించి చూస్తే మిషన్ లేచింది. బల్ల దగ్గర నెట్ వచ్చింది. వీధిలోకి తీసుకుపోతే పోయింది. అప్పుడు నాకొచ్చిన ఆలోచన రాయడానికి సిగ్గుగా ఉంది. ఇలాగే మూసి ఇచ్చేద్దాం, ఇంటికి పోయాక తెగితే ఓబులేసు రిపేరు నిలవలేదనుకుంటుంది అనుకున్నాను. మూత కూడా పెట్టాను.

రాజేశ్వరి తిరిగి వచ్చింది. "అయిందా అన్నా? ఈ పొద్దు నాలుగింటికి మా పైవాళ్లు నా కాల్స్ వింటారంట. దాన్నిబట్టే ఉంచేది తీసేది చెప్తారంట" అంది.

మూసిన మిషన్‌ను నా వైపు లాక్కున్నాను. "కొంచెం టెస్టింగుందమ్మా. నువ్వు ఊరికి పో. మూడున్నరకల్లా నేనే తెచ్చిస్తా" అన్నాను. ఆమె నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి చూసింది.

అప్పుడు టైము పదకొండు. ఆ మోడల్ యాంటెన్నా వైరు నంద్యాలలో దొరకదు. చచ్చిపోయిన లాప్‌టాప్‌ల మూతలు పారెయ్యకుండా దాచిపెట్టే మనిషి ఈ చుట్టుపక్కల ఒక్కడే ఉన్నాడు.

ఆళ్లగడ్డలో

స్కూటర్ మీద పోయాను. దారి పొడవునా ఏం అబద్ధం చెప్పాలా అని ఆలోచిస్తూనే ఉన్నాను. ఏదీ తట్టలేదు.

ఓబులేసు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "ఏంది సుబ్బన్నా, ఇన్నేండ్లకు దావ తెలిసిందా? కూచ్చో, నీళ్లు తాగు" అన్నాడు. నేను లాప్‌టాప్ బల్ల మీద పెట్టాను. అతను గుర్తుపట్టాడు. నిన్న తన చేతిలో ఉన్న మిషనే కదా. మూత తీసి తెగిన వైరు చూశాడు.

"ఎన్నిసార్లు తీసినావ్ దీన్ని?"

"నాలుగు."

తల ఊపాడు. ఎందుకు తీశావని అడగలేదు. అన్నీ అడిగే మనిషి, అది మాత్రం అడగలేదు.

అటకెక్కి, పాత మూతల కట్ట దించి, ఆ మోడల్‌ది వెతికి యాంటెన్నా ఊడదీశాడు. తెర చట్రం విప్పుకున్నాం. వైరును కీలు సందులోంచి కిందికి దూర్చాలి. ఓబులేసు రెండుసార్లు ప్రయత్నించాడు, వేళ్లు లావు. "నాకు రాదప్పా. ఇది నీ చేతి పని, నువ్వు దూర్చు" అని నా వైపు జరిపాడు. నేను ఒక్క ఊపులో దూర్చాను. ఆ ఒక్క నిమిషం నాకు ప్రాణం లేచి వచ్చింది. అంతటి అవమానంలోనూ, ఇది వీడికి చేతకాలేదు అని మనసు గంతులేసింది.

అప్పుడే అతని ఫోను మోగింది. రెండు చేతులూ చట్రం పట్టుకుని ఉండటంతో మోచేత్తో స్పీకర్ నొక్కాడు. రాజేశ్వరి గొంతు.

"ఓబులేసన్నా, నేనే. మిషన్ సుబ్బన్న కాడ ఇడిసొచ్చినా. ఏందో టెస్టింగంటాడు, ముఖం చూస్తే బాగలేదు. చెడిపోయిందేమోనని భయమైతాంది. నువ్వొక మాట మాట్లాడన్నా."

ఇన్నేళ్లుగా అతని తప్పు కోసం నేను వెతుకుతున్నాను. నా తప్పు అతని చేతిలోకి వచ్చి పడింది. నోరు తెరిచి ఒక్క మాట అంటే చాలు.

ఓబులేసు నా వైపు చూడలేదు. వైరును అంచున సర్దుతూనే అన్నాడు: "నీ మిషన్ సుబ్బన్న చేతిలో ఉంటే ఇంగ భయమేందమ్మా? నిన్న నేను పైపైన చూసి పంపిస్తి. లోపల వైరు పాతదైపోయుండాది, నాకు తెలీల్యా. ఆయప్ప పట్టుకున్నాడు. కొత్తదేస్తాండాడు. వైఫై పనిలో నాకంటే పెద్దోడమ్మా ఆయన. టయానికి తెచ్చిస్తాడు, నువ్వు అన్నం తిను."

ఫోను పెట్టేశాడు. "ఆ సన్న స్క్రూ ఇట్లియ్యి" అన్నాడు.

ఇచ్చాను. మిషన్ లేచాక చేత్తో పట్టుకుని దొడ్డి చివరిదాకా నడిచి, అక్కడ కూడా నెట్ నిలబడిందని చూసి నా సంచీలో పెట్టాడు. "బేగా పో, టయం లేదు" అన్నాడు. నేను థాంక్స్ కూడా చెప్పలేదు. స్కూటర్ మీద వస్తూ కళ్లు తుడుచుకున్నాను. పశ్చాత్తాపం కొంత ఉంది, అబద్ధం చెప్పను. కానీ అందులో ఎక్కువ పాలు మంటే. పనిలో ఎటూ నాకంటే ముందున్నాడు, మనిషితనంలో కూడా నన్ను ఓడించాలా?

ఆ తర్వాత

మూడుంబావుకు బండి ఆత్మకూరు చేరాను. నాలుగింటికి రాజేశ్వరి వెనక గదిలో కూర్చుని కాల్స్ మొదలుపెట్టింది. నేను వరండాలో కూర్చుని గంటసేపు ఆమె గొంతు విన్నాను. ఒక్క మాటా తెగలేదు.

ఆ వారంలోనే ఉద్యోగం ఖాయమైంది. భార్యాభర్తలిద్దరూ ఒక మూట కొత్త బియ్యం తెచ్చి నా అంగడి ముందు దించారు. "మీరు ఆ వైరు పట్టుకోకుంటే నా ఉద్యోగం పోయేదన్నా. ఓబులేసన్న గూడా అదే చెప్పినాడు" అంది. నేను తల ఊపాను. మూట లోపల పెట్టించాను. ఆ బియ్యం రెండు నెలలు తిన్నాం. అప్పటి నుంచి అంగడి మూసేదాకా బండి ఆత్మకూరు నుంచి ఎవరొచ్చినా 'రాజేశ్వరి చెప్పింది' అనే వచ్చారు. వచ్చిన ప్రతివాళ్లనూ మీ ఇంట్లో డబ్బా ఎక్కడుంది, మీరెక్కడ కూర్చుంటారు అని అడిగాను. ఆ ప్రశ్న ఎవరిదో వాళ్లకు చెప్పలేదు.

రాజేశ్వరీ, ఈ కాగితాలు నీకు నేనే తెచ్చి ఇస్తాను. నీ మిషన్‌లో వైరు పాతబడలేదు. ఓర్వలేక నేనే తెంపాను. దాన్ని బాగుచేసింది ఓబులేసు, నీకు అబద్ధం చెప్పి నా పరువు కాపాడింది కూడా అతనే. ఆ బియ్యం ఆళ్లగడ్డకు పోవలసినవి.

ఓబులేసుకు మాత్రం నేను పోయి క్షమాపణ చెప్పను. చెబితే "దానికేముందిలే సుబ్బన్నా" అంటాడు. ఊరికే కూడా అనడు, నిజంగానే ఎప్పుడో మరిచిపోయి ఉంటాడు. ఆ మాట అతని నోట వినే ఓపిక నాకు ఈ వయసులో కూడా రాలేదు.